బురుజు మీది గద్ద

సుంకన్నకు నేల మీద ఎదురు లేదు. చిక్కంతా గాలిలో ఉంది.

కర్నూలు పాత బస్టాండు దగ్గర, గాజుల కొట్టు మీది మేడలో మౌలాలి ఉస్తాద్ నడిపే వీడియో గేముల గది ఉంది. అందరికీ అది గది. మాకు మాత్రం పహిల్వాన్లు సాము నేర్చే తాలింఖానా లాంటిది. అక్కడ ఆట నేర్చినవాడు ఏ ఊరు పోయినా గెలిచే వస్తాడని చెప్పుకోవడానికి మేము ఏనాడూ మొహమాటపడలేదు, ఇప్పుడూ పడము.

తాలింఖానా అన్నాక కట్టుబాట్లు ఉంటాయి. ఓడినవాడు జాయ్‌స్టిక్‌ను చొక్కాకు తుడిచి, రెండు చేతులతో పక్కవాడికి అందించాలి. ఆటలో శత్రువును ఎంత కోపమొచ్చినా తిట్టకూడదు. తిట్టినవాడు లేచి వెళ్లి, ఆ పూటంతా గుమ్మం బయట చెప్పుల దగ్గర కూర్చోవాలి.

ఉస్తాద్ శిష్యుల్లో సుంకన్నే మొదటివాడు. కొండ మీద కోటను గెలుచుకునే కత్తి ఆట ఒకటుంది. అందులో ఈటెలవాళ్లు మూకగా మీద పడ్డా, ఏనుగు తొక్కడానికి వచ్చినా, సుంకన్న పక్కకు ఒరిగి దెబ్బ తప్పించుకునే తీరు చూడాల్సిందే. దానికోసం మేము కాలేజీ ఎగ్గొట్టి వచ్చేవాళ్లం. ఆ సంగతి సుంకన్నకు తెలుసు. కొంచెం ఎక్కువే తెలుసు.

అయితే కోట చివర ఒక బురుజు ఉంది. దాని మీద గద్ద రాకాసి తిరుగుతుంటుంది. కత్తికి అందనంత ఎత్తున గిరికీలు కొడుతుంది, నిప్పులు కక్కుతుంది, ఉన్నట్టుండి దిగి గోళ్లతో చీరి మళ్లీ పైకి పోతుంది. సుంకన్న తెర మీది చూపును జాయ్‌స్టిక్‌తో ఆకాశానికి తిప్పి, దాని వెంట పరిగెత్తి, ఎగిరి ఎగిరి కత్తి విసిరేవాడు. కత్తికి గాలి తప్ప ఏమీ తగిలేది కాదు. కాలి కింద బురుజు అంచు ఎప్పుడు అయిపోయిందో తెలిసేది కాదు. అంత ఎత్తు నుంచి పడేవాడు.

వేరే రోజుల్లోనైతే నవ్వుకొని వదిలేసేవాళ్లం. కానీ అనంతపురంలో పోటీ పెట్టారు. ఆడాల్సింది ఇదే ఆట, చివర ఇదే గద్ద. ఒక్కో గది నుంచి ఒక్కడినే పంపాలి, ఆ పేరు ఆ సాయంత్రంలోగా చెప్పాలి. ఉస్తాద్ ఒకే మాట అన్నాడు: "గద్దను దించినోడు పోతాడు. ఎవడూ దించకపోతే మన గది పేరు ఉండదు."

ఆ మధ్యాహ్నం సుంకన్న మళ్లీ పడ్డాడు.

"ఇది ఆట కాదు ఉస్తాద్, మోసం!" అని అరిచాడు. "మన చేతికి కత్తి ఇచ్చి శత్రువును మబ్బుల్లో పెట్టినారు. నేల మీద నన్ను ఆపినోడు ఎవడన్నా ఉండాడా? దమ్ముంటే దాన్ని కిందికొచ్చి కొట్లాడమనండి!"

మాకు నవ్వొచ్చింది. కానీ వాడు అంతటితో ఆగకుండా గద్ద తల్లినీ ఒక మాట అన్నాడు. సుంకన్నే నాలుక కరుచుకొని, చెప్పుల దగ్గరికి వెళ్లడానికి లేచాడు. ఆ పూటంతా వాడు బయట కూర్చుంటే పోటీ ఇక చేజారినట్టే.

"కూచో," అన్నాడు ఉస్తాద్. "చెప్పుల కాడ రేపు కూచుందువు గానీ." తర్వాత మెల్లగా అడిగాడు. "యాడ చూస్తాండావు రా, బేటా?"

"గద్దనే ఉస్తాద్. రెప్ప గూడా ఆర్పడం లేదు."

"రెక్కలు బాగుండాయా?"

"ఏంది ఉస్తాద్?"

"ఏం లేదు, అడిగినా."

ఉస్తాద్ భుజం మీది తువ్వాలు తీశాడు. దాన్ని టీవీ మీద వేసి, తెర పైసగం మూసుకుపోయేలా కిందికి లాగాడు. వెళ్లి తన కుర్చీలో కూర్చొని వేరుశనగలు ఒలుచుకోసాగాడు.

"ఉస్తాద్, ఏమీ కనపడదు."

"కనపడిందాంతోనే ఆడు."

సుంకన్న తెలివైనవాడు కదా, చూపును ఇంకా పైకి తిప్పాడు. తెర కింది సగంలో గద్ద కనబడింది గానీ నేల పోయింది. ఒక్క అడుగు వెనక్కి వేసి పడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

మళ్లీ బురుజు ఎక్కాడు. ఈసారి చూపును కదిలించలేదు. తెర మీద రాతి పలకలు, తన వీరుడి కాళ్లు, అంతే. పైన ఎక్కడో రెక్కల చప్పుడు. నిప్పు పడితే పక్కకు ఒరిగాడు. మళ్లీ నిలబడ్డాడు. వాడి మెడ వెనక చెమట పట్టింది.

అప్పుడు చూశాం. రాళ్ల మీద పల్చని నీడ ఒకటి తిరుగుతోంది. తిరిగి తిరిగి దగ్గరికొచ్చింది. చిక్కబడింది. ఇంకా చిక్కబడింది. సుంకన్న మీట నొక్కాడు.

కత్తికి ఏదో తగిలింది.

నీడ పల్చబడి దూరం పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తగిలింది. సుంకన్న పరిగెత్తడం లేదు. అది ఎప్పుడొస్తుందా అని నిలబడ్డాడు. ఒలిచిన వేరుశనగలు ఉస్తాద్ అరచేతిలోనే ఉండిపోయాయి.

ఆఖరి దెబ్బకు తువ్వాలు కింది నుంచి పెద్ద రెక్క ఒకటి రాళ్ల మీద వాలింది.

మేం వేసిన కేకకు కింద గాజుల కొట్టాయన మెట్లెక్కి వచ్చాడు. నా గొంతు బొంగురుపోయింది. గెలిచినప్పుడల్లా వెనక్కి తిరిగి మా ముఖాలు చూసుకునే సుంకన్న ఈసారి తిరగలేదు. రాళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

"ఈ నీడ మొదటి నుంచీ ఈడనే ఉండిందా, ఉస్తాద్?"

ఉస్తాద్ తువ్వాలు లాగి దులిపి భుజాన వేసుకున్నాడు.

ఇంతలో ఫోను మోగింది. అనంతపురం నుంచి, పోటీ పెట్టినాయన. అవతలి గొంతు పెద్దది, గదంతా వినబడింది. "ఏం మౌలాలి భాయ్, మీ కాడ ఎవడన్నా ఉండాడా లేడా? ఈడ మా గద్దను ఇంతవరకూ ఒక్కడూ దించలేదు."

శిష్యుణ్ణి ఎదుట మెచ్చుకోవడం ఉస్తాద్‌కు అలవాటు లేదు. ఎవడెంత బాగా ఆడినా గుప్పెడు వేరుశనగలు చేతిలో పెట్టేవాడు, అంతే. ఆ పూట మాత్రం ఫోను పట్టుకొని లేచి నిలబడ్డాడు. మాకు తెలియకుండానే మేమూ లేచాం.

"మా సుంకన్న వస్తాండాడు," అన్నాడు. "మీ గద్దకు చెప్పి పెట్టండి."