వరహాలు పెట్టిన దరఖాస్తు

గుమ్మలపాలెంలో తెలివైన ఇల్లు ఏదీ అంటే పైడిరాజు ఇల్లే. ఈ మాట ఊళ్ళో వాళ్ళు అనరు, పైడిరాజే అంటాడు. గోనెసంచులు కుట్టి అమ్ముకునే మనిషి. ఎవరైనా సంచి కోసం వస్తే ముందు ఆ ముక్క చెప్పి తర్వాత సంచి చూపిస్తాడు. "మా ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేస్తామండి. సొంతంగా ఒక్క ముక్క కలపం, ఒక్క ముక్క తియ్యం," అంటాడు. పక్కనే తమ్ముడు తౌడు ఊఁ కొడతాడు. అన్న మాట్లాడితే ఊఁ కొట్టమని చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పింది. నలభై ఏళ్ళొచ్చినా కొడుతూనే ఉన్నాడు, ఆవిడ చాలని చెప్పకుండానే పోయింది పాపం.

పైడిరాజు పెళ్ళాం వరహాలు. ఆవిడ గుత్తివంకాయ చేస్తే ఆ వాసనకి వీధిలో సైకిళ్ళు ఆగుతాయి. కానీ ఏం లాభం? "కూర ఎలా ఉందయ్యా?" అని అడిగితే పైడిరాజు కంచంలోకి చూసి "నల్లగా ఉంది" అంటాడు. తౌడు "వేడిగా ఉంది" అంటాడు. అబద్ధమా అంటే కాదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. అందుకే ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలని తెలిసేసరికి ఆవిడ ప్రాణం లేచొచ్చింది. నూట ఎనభై మంది పిల్లలు. అంతమందిలో ఒక్కతైనా 'బావుంది' అనకపోతుందా అని ఆవిడ ఆశ. దరఖాస్తు మాత్రం కంప్యూటర్లోనే పెట్టాలట, శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు.

కంప్యూటర్ ఇంట్లో ఉంది. పైడిరాజు మేనకోడలు హైమ విశాఖపట్నంలో కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తుంది. తన పాత లాప్‌టాప్‌లో లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, మాటలన్నీ తెలుగులోకి మార్చి, నాలుగు నెలల కిందట వీళ్ళకిచ్చింది. పైడిరాజు రోజూ దాంట్లో వాన పడుతుందో లేదో చూసేవాడు. చూసిన పేజీని మూసేవాడు కాదు. వాన గురించి చెప్పిన పేజీ ముఖం మీదే తలుపేసినట్టు మూసేస్తే ఏం మర్యాద? రోజుకో కొత్త పేజీ తెరిచేవాడు. అలా నూట పన్నెండు పేజీలు పోగయ్యాయి.

శుక్రవారం పొద్దున వరహాలు తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుంది. బ్రౌజర్ నొక్కింది. అది నూట పన్నెండు వానలనీ మోయలేక తెరుచుకున్నట్టే తెరుచుకుని ఢామ్మని మూసుకుపోయింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. "క్షమించండి. ఏదో పొరపాటు జరిగింది. పాత పేజీలన్నీ మళ్ళీ తెరవమంటారా?"

"పాపం, క్షమించమంటోందయ్యా," అంది వరహాలు.

"తప్పు ఒప్పుకుంటే ఇంకేం కావాలి? క్షమించాం అని చెప్పి అవును నొక్కు," అన్నాడు పైడిరాజు.

నొక్కింది. అంతే, నూట పన్నెండు వానలూ మళ్ళీ వచ్చాయి, మళ్ళీ ఢామ్మంది, మళ్ళీ క్షమించమంది. వీళ్ళు మళ్ళీ క్షమించారు. పదింటికి మొదలెడితే పదకొండున్నర దాకా క్షమిస్తూనే కూర్చున్నారు. పదిహేడోసారికి తౌడుకి ఓపిక పోయింది. "వదినా, ఇది మనసులో పెట్టుకుని చెప్పడం లేదు. ఊరికే పెదాల మీద అంటోంది," అన్నాడు. వరహాలుకి గుబులు పుట్టింది. హైమకి ఫోన్ చేసింది.

హైమ అంతా విని, "అత్తయ్యా, కంగారు పడకండి. బ్రౌజర్ పాతబడిపోయింది. దాన్ని అప్‌గ్రేడ్ చేసేద్దాం. నల్ల తెర ఒకటి ఉంటుంది, టెర్మినల్ అని. అది తెరవండి. నేను చెప్పే ప్రతి అక్షరం ఉన్నదున్నట్టు కొట్టండి," అంది.

ఉన్నదున్నట్టు అన్న మాట వినగానే పైడిరాజు ఛాతీ పొంగింది. ఇంగ్లీషు అక్షరాలు తౌడుకే వచ్చు గనక వాడు కూర్చున్నాడు. హైమ ఒక్కో అక్షరమే చెబుతోంది. వాడు ఒక్కో అక్షరమే కొడుతున్నాడు. మధ్యలో హైమ, "ఒక్క నిమిషం ఆగండి మావయ్యా, మా మేనేజర్ వస్తున్నాడు, గొంతు తగ్గించి మాట్లాడతాను," అంది. తౌడు ఒక్క నిమిషం ఆగండి మావయ్యా మా మేనేజర్ వస్తున్నాడు అని మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేశాడు. గొంతు తగ్గించిన చోట మీటల్ని మెల్లగా నొక్కాడు. ఎంటర్ కొట్టాడు.

"ఇలాంటి ఆజ్ఞ ఏదీ దొరకలేదు," అంది నల్ల తెర.

"దొరకలేదట," అన్నాడు తౌడు.

"దొరక్కపోతే వెతకాలి గానీ చెప్పి ఊరుకుంటే ఎలా?" అని పైడిరాజు లేచి మంచం కింద, గోనెసంచుల వెనక, బియ్యం డబ్బాలో వెతికాడు. డబ్బాలో పోయిన చెంచా దొరికింది గానీ ఆజ్ఞ దొరకలేదు. ఈలోపు హైమ మళ్ళీ లైన్లోకొచ్చి, జరిగిందంతా వింది. తర్వాత మొదటి నుంచీ చెప్పింది. ఈసారి తుమ్ము వచ్చినా ఆపుకుని చెప్పింది.

"ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది మావయ్యా. మీరు పెట్టుకున్నదే. కొట్టండి."

పైడిరాజు ముఖం గంభీరంగా పెట్టాడు. "ఎవరికీ తెలియకూడదన్నావు కదా హైమా. తౌడు ఉన్నాడు ఇక్కడ. మీ అత్త ఉంది." ఇద్దర్నీ వీధిలోకి పంపించాడు. కిటికీలో కూర్చున్న కాకిని తోలాడు. ఫోన్ తీసుకెళ్ళి కందిపప్పు డబ్బాలో పెట్టి మూతేశాడు, హైమ వినకుండా. అప్పుడు పాస్‌వర్డ్ కొట్టాడు, అన్నీ అంకెలే గనక తనకొచ్చు. టెర్మినల్లో పాస్‌వర్డ్ కొడితే తెర మీద చుక్క కూడా కనబడదు, అది దాని పద్ధతి. పైడిరాజుకి ఆ పద్ధతి తెగ నచ్చింది. "అబ్బ, మనం కొడుతుంటే తల తిప్పేసుకుంది. ఎంత మర్యాద," అని మెచ్చుకుని ఎంటర్ నొక్కాడు. వీధిలోంచి ఇద్దర్నీ పిలిచి, పప్పు డబ్బాలోంచి ఫోన్ తీశాడు.

"హమ్మయ్య," అంది హైమ. "ఇప్పుడు బోలెడు ప్యాకేజీలు దింపుకుంటుంది. మూడు నాలుగు గంటలు పడుతుంది. మధ్యలో ఇది చెయ్యనా, అది మార్చనా అని అడుగుతూ ఉంటుంది. ఇక ఏదడిగినా అవుననే చెప్పండి. ఒక్కసారి కాదన్నారంటే మొత్తం మధ్యలో ఆగిపోతుంది. నాకు మీటింగ్ ఉంది, మళ్ళీ చేస్తాను."

ఫోన్ పెట్టేసింది. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఎవరడిగితే అవుననాలో చెప్పలేదు," అంది వరహాలు.

"ఎవరడిగితే అనకూడదో కూడా చెప్పలేదు కదా వదినా," అన్నాడు తౌడు. ఆ మాటలోని తెలివికి పైడిరాజు తమ్ముడి వీపు తట్టాడు. ఒక్క కాదుతో దరఖాస్తు ఆగిపోతుందని వరహాలు ఇద్దర్నీ హెచ్చరించింది. ఎవరూ నోరు జారకూడదని గట్టిగా అనుకున్నారు.

ఇంకేముంది. పక్కింటి గౌరమ్మ వచ్చి, "వరహాలూ, మా గ్యాస్ అయిపోయింది. మీ బండ పట్టుకుపోనా?" అంది. పొయ్యి మీద అన్నం సగం ఉడికి ఉంది. వరహాలు ఆ గిన్నె వంకా, లాప్‌టాప్ వంకా చూసి, "అవును," అంది. గౌరమ్మ బండ దొర్లించుకుపోయింది. కాసేపటికి షామియానా వాళ్ళు బండి నిండా గుంజలు వేసుకొచ్చారు. పెళ్ళివారి ఇల్లు వెనకవీధిలో ఉంది, వీళ్ళు దారి తప్పారు. "పెళ్ళి ఈ ఇంట్లోనేనా? పందిరి ఇక్కడే వెయ్యమంటారా?" అని అడిగారు. పైడిరాజు అవునన్నాడు. అరగంటలో ఇంటి ముందు ఎర్రటి షామియానా లేచింది, మూడొందల కుర్చీలు పరిచారు. వాళ్ళ వెనకే సన్నాయి మేళం దిగింది. మేళగాడు తౌడుని ఎగాదిగా చూసి, "పెళ్ళికొడుకు మీరేనా?" అన్నాడు.

"అవును," అన్నాడు తౌడు సిగ్గుపడుతూ. సన్నాయి అందుకున్నారు. నలభై ఏళ్ళకి తన పెళ్ళి కుదిరినందుకు తౌడుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పెళ్ళికూతురెవరో అడుగుదామనుకున్నాడు గానీ, అడగమని ఎవరూ చెప్పలేదు.

నాలుగవుతుండగా అప్‌గ్రేడ్ అయిపోయింది. హైమ ఫోన్ చేసింది. సన్నాయి హోరులో ఆ పిల్లకి సగం వినబడింది, సగం వినబడలేదు. "ఏదో పెళ్ళిలో ఉన్నట్టున్నారు. సరే వినండి. కొత్త బ్రౌజర్ కదా, మొదట్లో పనికిమాలినవన్నీ అడుగుతుంది. పాత పేజీలు తెరవనా అంటుంది, కబుర్లు పంపనా అంటుంది. ఆ పాత పేజీల వల్లే అది పడిపోతోంది. అందుకని ఇక ఏదడిగినా వద్దనండి. మొహమాటపడకండి, గట్టిగా వద్దనండి," అని పెట్టేసింది.

"ఇప్పుడు వద్దు," అని పైడిరాజు ఇద్దరికీ అప్పజెప్పాడు.

పాత పేజీలు తెరవమంటారా అంది బ్రౌజర్. వద్దంది వరహాలు. నిజంగానే అది ఈసారి పడిపోకుండా బుద్ధిగా నిలబడింది. దరఖాస్తు పేజీ తెరుచుకుంది. వరహాలు తెలుగులో తన పేరు కొట్టడం మొదలెట్టింది. అప్పుడే బయట షామియానా మేస్త్రీ తల పట్టుకుని వచ్చాడు. "పొరపాటైపోయిందండీ, పెళ్ళివాళ్ళు అక్కడ తిట్టిపోస్తున్నారు. ఇదంతా పీకి పట్టుకుపోమంటారా?"

"వద్దు," అన్నాడు పైడిరాజు గట్టిగా.

మేస్త్రీ కుర్చీలో కూలబడ్డాడు. అతన్ని తప్పించుకుంటూ లోపలికి ఒక పెద్దావిడ వచ్చింది. హాస్టల్ వార్డెన్ సుభద్రమ్మ. వరహాలు గబుక్కున లేచి నిలబడింది.

"అబ్బ, ఏం ఎండమ్మా. కాసిని మంచినీళ్ళు ఇస్తావా?" అంది సుభద్రమ్మ.

"వద్దండి," అంది వరహాలు.

ఆవిడ ఒకసారి కళ్ళు చిట్లించి, సర్లే అనుకుని కూర్చుంది. "వరహాలూ, ఇంతవరకూ ఒక్క దరఖాస్తూ రాలేదు. రేపు పొద్దున్న పిల్లలకి వండిపెట్టే దిక్కు లేదు. మొన్న గౌరమ్మ ఇంట్లో పేరంటంలో నీ పులిహోర తిన్నాను. ఎంత బావుందో చెప్పలేను. దరఖాస్తూ గిరఖాస్తూ తర్వాత చూసుకుందాం. మా హాస్టల్లో వంటకి వస్తావా?"

బావుంది. ఇరవై రెండేళ్ళకి ఆ మాట చెవిన పడింది. వరహాలు సుభద్రమ్మ వైపు ఒక అడుగు వేసింది. వస్తానమ్మా, ఇప్పుడే వస్తానమ్మా అని నాలుక చివరి దాకా వచ్చేసింది. కానీ దరఖాస్తు సగంలో ఉంది. ఇప్పుడు నోరు జారితే బ్రౌజర్ పడిపోతుంది, పని పోతుంది. పెదవి గట్టిగా కొరుక్కుంది. కళ్ళు మూసుకుంది.

"వద్దండి," అంది.

సుభద్రమ్మ చిన్నబుచ్చుకుంది. "నీ ఇష్టం తల్లీ," అని లేచి, పందిట్లో ఒంటరిగా కూర్చున్న పెళ్ళికొడుకు తౌడుని ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

"ఎంత మంచావిడయ్యా," అని వరహాలు కళ్ళు తుడుచుకుంది. "పని చేస్తే అలాంటావిడ దగ్గరే చెయ్యాలి. మధ్యలో వచ్చి ఆలస్యం చేసింది గానీ." గబగబా మిగతాది నింపింది. ఐదింటికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. మీ దరఖాస్తు పంపమంటారా అని అడిగింది పేజీ. వరహాలు వద్దు నొక్కింది. నిజంగా వద్దా అని మళ్ళీ అడిగింది. ఈసారి తౌడు కూడా పందిట్లోంచి లోపలికొచ్చాడు, అన్నదమ్ములిద్దరూ వేలు కలిపారు, ముగ్గురూ కలిసి గట్టిగా వద్దు నొక్కారు. పేజీ శుభ్రంగా ఖాళీ అయిపోయింది. మొత్తం వెళ్ళిపోయిందని ముగ్గురూ సంబరపడ్డారు.

తెల్లవారి ఐదింటికల్లా వరహాలు హాస్టల్ వంటింట్లో ఉంది. పెద్ద మూకుడు ఎక్కించి ఉప్మాకి పోపు వేసింది. ఆ ఘుమఘుమలకి సుభద్రమ్మ పరుగెత్తుకొచ్చింది. "నిన్న వద్దన్నావు కదమ్మా?"

"పని గురించి మీకు ఒకసారే అన్నానండి. దరఖాస్తుకి రెండుసార్లు అన్నాను, రెండోసారి ముగ్గురం కలిసి. అంత పద్ధతిగా పెట్టాక పని రాక ఏమవుతుందండీ?" అంది వరహాలు.

సుభద్రమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మూకుడు వైపు చూసింది, ఆకలితో వరస కట్టిన పిల్లల వైపు చూసింది, కంచాలు అందించడం మొదలెట్టింది.

వరసలో మొదటి పిల్ల, రెండు జడలది, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఆంటీ, ఎంత బావుందో. ఇంకొంచెం పెడతారా?"

వరహాలుకి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. గంటె ఎత్తింది, చెయ్యి ఆ పిల్ల కంచం దాకా వెళ్ళింది కూడా. కానీ హైమ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఎప్పటిదాకా వద్దనాలో చెప్పనే లేదు.

"వద్దమ్మా," అంది ఏడుస్తూ, గంటెడు ఉప్మా మళ్ళీ మూకుట్లో వేసేసింది.