గున్నయ్య కాచిన డప్పు

కొండ కింద పశువుల కొట్టం ఒకటుంది. దానికి పెద్దదిక్కు సింహాద్రి అనే ముసలి ఎద్దు. పేరులోనే సింహం, తీరు మాత్రం మహా నెమ్మది. ఆ కొట్టంలో ఒక మూల డప్పు వాయించే ఎలుగుబంటి గున్నయ్య ఉండేవాడు. డప్పు తోలు ఎవరిదని నన్నడక్కండి, అక్కడా ఎవరూ అడిగేవారు కాదు.

వాళ్లకో కట్టుబాటుంది. తొలి దుక్కి దున్నే ఏరువాక నాడు కొత్త దరువు వాయించి ఎద్దుల చేత అడుగు వేయించినవాడికే వానాకాలమంతా ఆ మూల. మిగతావాళ్లు చెట్ల కింద తడవాల్సిందే. తడిసిన డప్పు మోగదు, మోగకపోతే గున్నయ్యకి బతుకే లేదు. తెల్లారితే ఏరువాక, దరువేమో ఇంకా రాలేదు.

కొన్నాళ్లుగా ఇదే వరస. కూర్చుంటే లేస్తాడు, లేస్తే వాకిట్లోకి పోతాడు, ముసురు చూసి మళ్లీ లోపలికొస్తాడు. ఊడ్చిన మూలనే మళ్లీ ఊడుస్తాడు. చూసేవాళ్లకే కాళ్లు పీకేవి. సింహాద్రి మాత్రం విసుక్కునేవాడు కాదు. తన మేతలోంచి గుప్పెడు పొడిగడ్డి తీసి పక్కన పెట్టేవాడు, దూడల్ని అవతలికి పొమ్మనేవాడు, కోళ్లని గోల చేయొద్దనేవాడు. గున్నయ్య ఆ గడ్డితో చిన్న మంట వేసి, డప్పుకి సెగ చూపించి, తట్టి, చెవి పెట్టి వినేవాడు. మళ్లీ సెగ, మళ్లీ తట్టడం. సగం పొద్దు దానికే పోయేది.

ఇదంతా నక్క సూరిగాడు గోడ సందులోంచి రోజూ చూస్తున్నాడు. వాడికీ ఒక డప్పుంది, వాడికీ ఆ మూల మీదే కన్ను. చూసి చూసి ఒళ్లు మండి లోపలికొచ్చాడు.

"మామా, ఈ ఊడవడాలూ కాచడాలూ చేతకానివాళ్ల పనులు. దరువన్నది చేతిలో ఉండాలి గానీ చీపురులో ఉంటుందా?"

వాడు పోయాక గున్నయ్య మనసు మనసులో లేదు. నిజమేనా పెద్దయ్యా, నేను వట్టి కాలక్షేపం చేస్తున్నానా అని సింహాద్రిని అడిగాడు.

"వాడి మాటకేంగానీ, నువ్వు కూర్చో. దరువు ఎప్పుడొస్తుందో మనకి తెలీదు. వచ్చేసరికి డప్పు కాగి ఉండాలి, నువ్వు దాని దగ్గర ఉండాలి. అంతే మన చేతిలో ఉన్నది" అన్నాడు సింహాద్రి.

ఏరువాక పొద్దున గున్నయ్య డప్పు కాచి కొయ్యకి తగిలించాడు. సూరిగాడు వచ్చి, పెద్ద గేదె నీలాలమ్మ నిన్ను రమ్మంటోందన్నాడు. పోటీకి తీర్పరి ఆవిడే మరి. అసలే నిలకడ లేని గున్నయ్య ఎందుకని కూడా అడక్కుండా పరిగెత్తాడు. సింహాద్రి అప్పుడు కాడి దగ్గర పసుపు పూయించుకుంటున్నాడు. సూరిగాడు గున్నయ్య డప్పు తీసుకుని, తన డప్పు కొయ్యకి తగిలించి, బయట తుప్పల్లో నక్కి కూర్చున్నాడు. మహిమంతా ఆ డప్పులోనే ఉందని వాడి లెక్క. తుప్పల మీద ముసురు పడుతూనే ఉంది.

నీలాలమ్మ నేను పిలవలేదంది. గున్నయ్య తిరిగొచ్చి డప్పు తడితే బొంగురుగా మోగింది. అప్పుడే పసుపు పూయించుకుని వచ్చిన సింహాద్రికి దాన్ని చూపించాడు.

"పెద్దయ్యా, ఇది నాది కాదు. నా పని అయిపోయింది."

ఎవరు తీశారో తర్వాత చూద్దాం, ముందు కూర్చో అన్నాడు సింహాద్రి. ఆ పూట తను తినాల్సిన గడ్డంతా తెచ్చి అతని ముందు పోశాడు. కొంచెం ఆగమని నీలాలమ్మకి కబురు పెట్టి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఒక్క దూడ లోపలికి రాలేదు.

గున్నయ్య మంట వేశాడు. ఆ డప్పుది బొంగురు గొంతు. పాత దరువు ఒక్కటీ దాని మీద కుదరలేదు. సెగ చూపిస్తూ, తడుతూ, వింటూ పోయాడు. వేళ్లు ఒకచోట ఆగాయి, ఆగినచోట బరువుగా ఒక దెబ్బ పడింది. బురదలో ఎద్దు కాలు తీసి కాలు వేసినట్టుంది. గున్నయ్య మళ్లీ వాయించాడు. అన్ని రోజులు ఏడిపించిన దరువు అదే.

బయట పోటీ మొదలవగానే సూరిగాడు తుప్పల్లోంచి వచ్చి ముందు తానే వాయిస్తానని ఎగబడ్డాడు. నానిన తోలు తడిగుడ్డ ఉతికినట్టు చప్పుడు చేసింది. దూడలు పడీ పడీ నవ్వాయి. అప్పుడు గున్నయ్య వచ్చి వాయించాడు. కాడి కింద ఎద్దులు వాటంతటవే అడుగు వేశాయి, నీలాలమ్మ తల ఊపింది. సూరిగాడు అడ్డొచ్చి అరిచాడు.

"ఆపండి. అది నా డప్పు. నా డప్పు వాయించి గెలిస్తే గెలుపెలా అవుతుంది?"

సింహాద్రి కాడి కిందనుంచే నెమ్మదిగా అడిగాడు.

"నీదేనా? అయితే ఇందాక నువ్వు వాయించింది ఎవరిదిరా, సూరీ?"

సూరిగాడు చేతిలోని డప్పు వంక చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ల వంక చూశాడు. డప్పు అక్కడే దించేసి, తోక ముడిచి వానలోకి నడిచాడు. ఆ వానాకాలమంతా వాడికి చెట్ల కిందే కాపురం.

డప్పు ఎత్తుకుపోవచ్చుగానీ, దాన్ని కాచిన ఓపికనీ కాచుకోనిచ్చిన చోటునీ ఎత్తుకుపోలేరు.