గదకు పూసిన నలుపు

రాజుగారు చూడబోయే నాటకానికి భీముడి గద చేసే పని కొండాలమ్మది. చెక్క గద అచ్చం ఇనుప గదలా కనబడాలి. ఆమె దీపపు మసిలో తుమ్మజిగురు కలిపి సమంగా పూసి ఆరబెట్టేది. తెల్లారి చూస్తే నలుపంతా వేలిముద్రలు, వాకిట్లో తొట్టి నీళ్ళు నల్లగా. పచ్చి పూతను నొక్కి, చేతులు కడుక్కుని పోయేది సేనను నడిపే దళవాయి గుర్రప్పేనని ఆమెకు తెలుసు. నాటకమాడేవాళ్లు ఆయుధం పట్టడమేమిటని ఆయనకు మంట.

“మచ్చల గదతో నాటకమంటే మన కొలువుకే పరువు తక్కువ ప్రభూ” అని ఆయన రోజూ నూరిపోసేవాడు. చివరికి రాజుగారు విసిగిపోయి, “రేపు కూడా మచ్చలుంటే ఆ నాటక మేళాన్ని పొలిమేర దాటించండి” అన్నారు.

ఆ సాయంత్రం కొండాలమ్మ అసలు గదకు పూత పూసి అటక మీద దాచింది. వాకిట్లో మరో గద పెట్టి, దానికి జిగురు కలపని పొడి మసి పట్టించింది.

తెల్లవారుజామున ఆ చీకట్లోనే గుర్రప్ప వచ్చాడు. చేతికి తడి తగల్లేదు. ఆరిపోయిందనుకుని గోళ్లతో గట్టిగా గీకాడు. చేతికి ఏమీ అంటలేదనుకుని, కడుక్కోకుండానే మీసం మెలేసుకుంటూ నేరుగా కొలువుకు పోయాడు.

“ఈసారీ మచ్చలే ప్రభూ. నేను ముట్టుకోలేదు, దూరం నుంచే చూశాను.”

అంతలో కొండాలమ్మ అసలు గద తెచ్చి ముందు పెట్టింది. ఎక్కడా మచ్చ లేదు. రాజుగారు తలెత్తి గుర్రప్పను చూశారు. నెరిసిన మీసం ఒకవైపు తెల్లగా, రెండోవైపు కారునల్లగా ఉంది.

“ఇదేమిటి కొండాలమ్మా?” అన్నారు నవ్వు ఆపుకుంటూ.

“గద పని అయిపోయింది ప్రభూ. దళవాయిగారిదే సగంలో ఉంది. మిగతా మసి వాకిట్లోనే ఉంచాను.”