వెడల్పాటి కిరణం

విశాఖలో పరాంకుశం మాస్టారిని ఏదైనా అడిగితే, తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోరు. ఆ సంగతి తెలిసి కూడా, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న సంహిత ఆయుధపూజ నాడు ప్రయోగశాలలో ఆయన్ని పట్టుకుంది.

"మాస్టారూ, నా స్ఫటికం కరెంటును పోనిచ్చే లోహమూ కాదు, ఆపేసే బంధకమూ కాదు. సగం సగం. ఇది మూడో స్థితే కదా? రేపు పేపరు పంపేయనా?"

మూడేళ్ల చాకిరీ, రావలసిన డాక్టరేటూ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి మరి. స్ఫటికం మీద కాంతికిరణం వేసి, ఎగిరిపడే ఎలక్ట్రాన్లను బట్టి లోపలి సంగతి పసిగట్టడం ఆమె పని. కిరణం సన్నగా ఉంటే అవి బొట్టుబొట్టుగా వస్తాయి, ప్రాణం విసిగిపోతుంది. అందుకని అక్కడ అందరూ చేసేదే తనూ చేసింది. కిరణాన్ని వెడల్పు చేసి స్ఫటికమంతా ఒక్కసారే కొలిచేసింది.

మాస్టారు యంత్రానికి కుంకుమ బొట్టు పెట్టి, సంహిత హడావిడిగా కలిపి తెచ్చిన పులిహోర అందరికీ పంచారు.

"ఎలా ఉందర్రా?"

"అబ్బ! పళ్లు పులిసిపోయాయండీ," అన్నాడు తోటి విద్యార్థి మస్తాన్.

"పులుపెక్కడిది? నాకు ఉత్త తెల్లన్నమే వచ్చింది!" అంది పక్కనున్న పైడితల్లి.

అందరూ గొల్లున నవ్వారు. మాస్టారు మాత్రం సంహిత వైపు తిరిగి, "పులుపు సమంగా ఉందని రాసేసుకో అమ్మాయ్," అన్నారు.

సంహిత ముఖం కందిపోయింది. కలపడం చేతకాలేదని ఎత్తిపొడిచారనుకుంది ముందు. చెయ్యి కడుక్కుంటుంటే అసలు సంగతి తట్టింది. తన వెడల్పాటి కిరణం కూడా పులుపునీ తెల్లన్నాన్నీ కలిపేసి ఒకటే రుచి చెప్పిందేమో! పేపరు ఆపేసింది. కిరణాన్ని వెంట్రుక కన్నా సన్నం చేసి, తనను తాను తిట్టుకుంటూ, స్ఫటికాన్ని ఏ చోటికా చోట విడిగా కొలుచుకుంటూ పోయింది. ఆ కొలతలన్నీ గుర్తించిన పటం పూర్తయ్యేసరికి దీపావళి కూడా దాటిపోయింది.

కొన్నిచోట్ల అచ్చమైన లోహం, కొన్నిచోట్ల అచ్చమైన బంధకం. ఆమె రాసుకున్న మూడో స్థితి మచ్చుకైనా కనబడలేదు. పటాన్ని మాస్టారి బల్ల మీద పెట్టేసరికి సంహితకు ఏడుపు ఆగలేదు.

"నా మూడేళ్లూ గంగలో కలిసిపోయాయి మాస్టారూ."

మాస్టారు కళ్లజోడు సవరించుకుని పటాన్ని చాలాసేపు చూశారు. లోహానికీ బంధకానికీ నడుమనున్న సన్నటి గట్టు మీద వేలు పెట్టారు.

"ఇక్కడ ఏం వచ్చింది?"

"అక్కడ లోహమనీ తేలలేదు, బంధకమనీ తేలలేదండీ. వదిలేశాను."

"మరి ఏడుపు దేనికీ?" అన్నారు మాస్టారు.