కట్లపాము కింద రాసిన మాట

చిదంబరయ్య గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కొన్నాళ్లు తన వెంట తిరగమనేవారు. తిరగగా తిరగగా ఎక్కడో ఒకచోట జవాబు ఎదురుపడేది. పడకపోతే ప్రశ్నే మాసిపోయేది.

నరహరి పన్నెండేళ్లుగా ఆయన శిష్యుడు. కళాశాలలో తర్కశాస్త్రం చెబుతాడు. ఒకప్పుడు ముక్కు మీద కోపం ఉన్న మనిషి. ఇంట్లో కంచాలు విసిరికొట్టిన రోజులున్నాయి. ఒకనాడు పొద్దున్నే వచ్చి, వినయంగానే అయినా కాస్త వెలుగుతున్న ముఖంతో అడిగాడు.

"గురువుగారూ, నాకు కోపం వచ్చి మూడేళ్లయింది. ఎవరేమన్నా మనసు కదలడం లేదు. ఇక నేను ఎక్కవలసిన మెట్టు ఏది?"

గురువుగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఎల్లుండి నగరంలో అచ్చాఫీసు పని ఉంది. నువ్వూ రా" అన్నారు.

అచ్చాఫీసు పని తొందరగా తెమిలింది. రైలుకు ఇంకా మూడు గంటలుంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. దగ్గర్లోనే ఒక ధర్మసంస్థ నడిపే జంతువుల మ్యూజియం కనిపిస్తే, నీడపట్టున కాసేపు పక్షుల్ని చూద్దామని ఆయన లోపలికి నడిచారు. తిమింగలం ఎముకలగూడు, గడ్డి కూరిన ఎలుగుబంటి, గుండుసూదులు గుచ్చిన సీతాకోకచిలుకలు దాటుకుని ఇద్దరూ పాముల గదికి వచ్చారు. అక్కడ సర్కారు బడి పిల్లలు నలభైమంది దాకా నేల మీద చతికిలబడి నోటుపుస్తకాల్లో రాసుకుంటున్నారు. వాళ్ల టీచరమ్మ, చచ్చిన పాముల్ని స్పిరిట్లో ఉంచిన గాజుసీసాల కింద అంటించిన రాతలు ఒక్కొక్కటే పైకి చదువుతోంది.

"ఈ పాము బల్లులను తిని బతుకుతుంది. దీనికి విషం లేదు. మనుషులకు హాని చేయదు. రాశారా?"

"రాయబాకండి బిడ్డల్లారా!"

అందరూ తిరిగి చూశారు. కేక వేసింది ఒక ముసలాయన. మోకాళ్ల దాకా పంచె, భుజాన తుండు, ఒక కంటి మీద ఆకుపచ్చ గుడ్డ. పేరు పోలయ్య. నెల్లూరు దిక్కున సముద్రపు ఒడ్డు పల్లె. ధర్మాసుపత్రిలో కంటికి ఆపరేషన్ చేయించుకుని, బస్సుకు వేళ కాలేదని, ఇక్కడ పాములున్నాయంటే చూడ్డానికి వచ్చాడు. ఇళ్లల్లో దూరిన పాముల్ని పట్టి దూరంగా వదిలిపెట్టడం ఆయన బతుకు.

"అమ్మా, అది కట్లపాము. తెల్ల కట్లు తలకాడ లేవు, తోక దిక్కుకి చిక్కబడినయ్యి, సూడు. నడివీపున పొలుసులు ఎంతెంత ఉండాయో సూడు. అది కరిస్తే చీమ కుట్టినట్టన్నా ఉండదు. నిద్దర్లో ఉన్నోడు నిద్దర్లోనే పోతాడు. విషం లేనిది ఆ పక్క సీసాలోది. రెండు రాతలూ తారుమారయినయ్యి."

కాపలావాడు వెళ్లి అధికారిని తీసుకొచ్చాడు. అధికారి సీసా వంక చూడలేదు. పోలయ్యను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఎవరు నువ్వు? ఏం చదివావు?"

"సదువు లేదు సామీ. యానాదోళ్లం. పాములు పడతా."

"ఎలకలు పట్టుకు తినేవాడివి, నువ్వు మాకు పాఠం చెబుతావా? అదీ ఒంటికంటితో!"

చూడవచ్చిన వాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పోలయ్య ముఖంలో ఏ మార్పూ లేదు.

"తిట్టుకో సామీ. రాత మాత్రం మార్చు."

"మార్చాలంటే అర్జీ పెట్టాలి, కమిటీ కూర్చోవాలి. రెండేళ్ల కిందట గదికి రంగులు వేసినప్పుడు పెట్టించినవి ఇవి. ఎంతమంది పెద్దలు చూసి వెళ్లారు! ఒక్కరైనా తప్పన్నారా?"

"రెండేళ్లా!"

పోలయ్య అధికారి ఎదుటికి వచ్చాడు. గొంతు గదంతా మోగింది. "రెండేళ్ల నించా సామీ ఈ రాత ఉండేది? ఎంతమంది పిల్లకాయలు రాసుకోనుంటారు! ఇంట్లో కనపడితే, ఇది ఏం జెయ్యదని సారు చెప్పినాడని, తోక పట్టుకుంటే? ఆ తల్లికి ఎవురు సామీ జవాబు చెప్పేది? నీ కమిటీనా?"

భుజం మీది తుండు తీసి ఆ రాత మీద కప్పేశాడు. సీసాల బల్లకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. "మార్చిందాకా లెయ్యను."

కాపలావాడు రెక్క పట్టుకున్నాడు. అప్పుడు నరహరి ముందుకు వెళ్లాడు. మనసులో వేడి లేదు. జాలి మాత్రం ఉంది. వంగి మెత్తగా చెప్పాడు.

"పెద్దాయనా, కోపం మంచిది కాదు. ఆయనన్న మాటలు మనసులో పెట్టుకోకు. ఆపరేషన్ అయినవాడివి, శాంతించు."

పోలయ్య తల ఎత్తాడు. "నన్నన్న మాటలా? అయ్యి పుట్టినకాడ్నించి వింటానే ఉండా. దానికి కాదయ్యా ఇది. సదువుకున్నోడి మాదిరుండావు. ఆ రాత తప్పో ఒప్పో నువ్వన్నా సూసినావా?"

నరహరి చూడలేదు. సీసాకు మూరెడు దూరంలో నిలబడి కూడా చూడలేదు. ఇంతసేపూ అతడు చూస్తున్నది తన మనసును. అది కదిలిందా లేదా అని.

పక్కన ఏదో అలికిడైంది. గురువుగారు, డెబ్బై నాలుగేళ్ల మనిషి, బల్ల అంచు పట్టుకుని, మోకాళ్ల నొప్పికి పళ్లు బిగించి, పోలయ్య పక్కన నేల మీద కూర్చుంటున్నారు. కాపలావాడు చెయ్యి వదిలేశాడు. టీచరమ్మ ఒక్క క్షణం ఆ ఇద్దర్నీ చూసింది. "పిల్లలూ, ఆ మూడు మాటలూ కొట్టెయ్యండి. కనపడకుండా కొట్టెయ్యండి" అంది. తర్వాత చీరచెంగు నడుముకు దోపుకుని తానూ కూర్చుంది. నలభై పెన్సిళ్లు బరబరమన్నాయి.

ఇక చేసేది లేక అధికారి పాత రిజిస్టరు తెప్పించాడు. సీసాలోని పాముకు దారంతో కట్టిన రేకుబిళ్ల మీద ఒక అంకె ఉంది. రిజిస్టరులో ఆ అంకెకు ఎదురుగా, వెలిసిపోయిన సిరాతో, కట్లపాము అని ఉంది. "రంగులవాళ్లు అటుదిటు అంటించినట్టున్నారు" అని గొణిగాడు. క్షమించమని అనలేదు. తెల్లకాగితాల మీద రాయించి రెండు సీసాల కిందా అంటింపజేశాడు.

"అయింది కదా, ఇక వెళ్లు."

"యాడయింది సామీ? ఈ రెండేళ్లలో వొచ్చిన బళ్ల పేర్లు మీ పుస్తకంలో ఉంటయ్యి గదా. అందరికీ ఉత్తరాలు రాయండి."

"చూద్దాంలే."

"సూద్దాం గాదు. రాస్తానని ఈ అమ్మ ముందర చెప్పు."

టీచరమ్మ లేచి నిలబడింది. "నేను వారం వారం ఫోన్ చేసి కనుక్కుంటాను సార్. మీ నంబరు చెప్పండి" అంది. అధికారి పళ్లు నూరుకుంటూ చెప్పాడు. పోలయ్య తుండు దులుపుకుని, గురువుగారికి చెయ్యి అందించి లేపి, కంట్లో మందు వేసుకునే వేళ దాటిపోయిందనుకుంటూ వెళ్లిపోయాడు.

రైల్లో నరహరి గురువుగారి ఎదురుగా కూర్చున్నాడు. రెండు స్టేషన్లు దాటాయి. చివరికి ఉండబట్టలేక అన్నాడు. "గురువుగారూ, ఆ గదిలో నాకు ఒక్క క్షణమైనా కోపం రాలేదు." గర్వంగా అన్నాడో మొరపెట్టుకున్నాడో అతడికే తెలియలేదు.

"చూశాను," అన్నారు గురువుగారు, కిటికీ వైపునుంచి ముఖం తిప్పకుండానే. "నాకు వచ్చింది. ఆ అధికారి మీద కాదు."