మంత్రిగారి ఖాళీ విస్తరి

మేఘగిరి రాజు గజపాలుడికి ఉన్నట్టుండి పరదేశాల మీద ప్రేమ పుట్టింది. పొరుగు రాజు ఏదో దీవికి సాయం చేశాడనీ, ఓడల వాళ్లంతా ఆయన్నే పొగుడుతున్నారనీ ఎవరో చెవిన వేశారు. అంతే, మర్నాడే చాటింపు వేయించాడు.

"పగడాల దీవి బాగు కోసం వెయ్యి వరహాలు! పథకం కొత్తగా ఉండాలి, దీవిలో అందరికీ అందాలి!"

సభకు ఇద్దరే వచ్చారు.

ఒకామె ఆ దీవి మనిషే, పేరు సెంబి. ఏటా మన రేవుకు ఎండుచేపలు తెచ్చి అమ్ముతుంది కాబట్టి మన మాట బాగానే వచ్చు.

"దొరా, మా ఆడోళ్లంతా ఇసకలోనే చేపలు ఎండేస్తాం. వాన పడితే మొత్తం కుళ్లిపోద్ది. పోయినేడు మూడు నెలలు పస్తులున్నాం. ఇంటికో వెదురు పందిరి, పైన కప్పు వేయించండి, చాలు. వానలకి ఇంకా నెలే ఉంది."

రెండోవాడు మంత్రి మార్తాండభట్టు. ఆమె దగ్గరి చేపల వాసనకు ముక్కు మూసుకున్నాడు.

"పందిళ్లా! అందులో కొత్తేముంది ప్రభూ?" అంటూ తన తాటాకుల కట్ట విప్పించాడు. దాన్ని మోయడానికే ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

"ముందు దీవివాసుల పేదరికాన్ని కొలుస్తాం. పిమ్మట పండితులం ఓడలో వెళ్లి, విందారగిస్తూ చర్చిస్తాం. ఆపైన ప్రారంభోత్సవం, ప్రభువులవారి మీద పద్యాలు. చివరగా, గడువు మిగిలితే, జనానికి పంపిణీ!"

పద్యాల మాట వినగానే రాజు తల ఊపాడు. సెంబి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే భోజనం సిద్ధమని చెప్పడానికి వచ్చిన సూరప్ప ఇదంతా విన్నాడు. రాజుగారి పంక్తిలో వడ్డనకు పెద్ద అతనే.

"ప్రభూ, మంత్రిగారి పథకం నాకు తెగ నచ్చింది. ఈ పూట వారి విస్తరికి దాని ప్రకారమే వడ్డించమంటారా?"

మంత్రి ఉబ్బిపోయాడు. "చూశారా ప్రభూ, నా పథకం వంటింటికి కూడా పనికొస్తోంది!"

రాజు సరేనన్నాడు. పంక్తి కూర్చుంది. అందరి విస్తళ్లలో పప్పు, గుమ్మడికాయ పులుసు, వేడి నెయ్యి పడుతున్నాయి. మంత్రి దగ్గరికి మాత్రం ఒకడు తాడు పట్టుకొచ్చి ఆయన పొట్ట కొలిచాడు.

తరవాత నలుగురు వంటవాళ్లు ఎదురుగా చేరి, ఆయనకు పప్పు ముందా కూర ముందా అని వాదించుకున్నారు. వాదించి అలిసిపోయారని ఆయన వాటా బూరెలు వాళ్లకే పెట్టారు. ఆపైన విస్తరికి హారతి పట్టి, అప్పడం మీద పద్యాలు అందుకున్నారు. కథ చెబుతున్న నాకైతే జాలేమీ కలగలేదు.

"ఒరేయ్ సూరప్పా, అన్నం పెట్టరా!"

"అయ్యో, పంపిణీ చివర అని తమరే సెలవిచ్చారు కదండీ!"

ఇంతలో రాజు పెరుగన్నం ముగించి లేచాడు. రాజు లేచాక ఆ పంక్తిలో ఇంకెవరూ కూర్చోకూడదు. అది తాతల నాటి మర్యాద. అందరూ లేచారు. మంత్రీ లేవక తప్పలేదు.

"ప్రభూ, నేను మెతుకు ముట్టలేదు!" అని గోలపెట్టాడు.

సూరప్ప వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"గడువు ముగిసింది ప్రభూ. పథకం దిగ్విజయంగా పూర్తయింది. కొలత బాగా జరిగింది, చర్చ బాగా జరిగింది, పద్యాలు ఇంకా బాగా కుదిరాయి. అన్నం ఒక్కటే అందలేదు."

రాజు ఆ ఖాళీ విస్తరి వంక చూశాడు. కాసేపు సిగ్గుపడ్డాడు. తరవాత పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాక పంక్తంతా నవ్వింది.

వాకిట్లో కూర్చున్న సెంబిని పిలిపించి, "వెయ్యి వరహాలూ నీకే. రేపటి ఓడకే వెదురు ఎక్కించుకో తల్లీ," అన్నాడు. తన చేతి కడియం తీసి సూరప్పకు తొడిగాడు.

మంత్రి పొట్ట పట్టుకుని నీరసంగా అడిగాడు. "మరి నా భోజనం, ప్రభూ?"

"అర్జీ పెట్టుకోండి. పరిశీలిస్తాం."