కొమ్మ అడ్డం పెట్టిన దారి

నర్సీపట్నంలో సైకిళ్ళ దుకాణం నడిపే భుజంగరావు మంచివాడే గానీ, "నాకు తెలియదు" అనే మాట ఆయన నోట ఎప్పుడూ వచ్చేది కాదు. ఊరు కాని ఊళ్ళో ఎవరైనా బస్టాండుకు దారి అడిగినా సరే, ఠక్కున చెయ్యి చూపించి పంపించేసేవాడు. పాపం, ఆ అడిగినవాళ్ళు ఎక్కడ తేలారో ఆ దేవుడికే తెలియాలి.

ఆయనకు కొండలంటే ప్రాణం. లావు టైర్ల గ్రావెల్ సైకిలు ఒకటి తెప్పించుకుని, ప్రతి ఆదివారం ఘాటీ ఎక్కి, అడవుల్లో ఎర్ర కంకర బాటలన్నీ తిరుగుతుండేవాడు. తిరిగిన దారిని ఫోనులో మ్యాపు మీద గీసేవాడు. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో, ఎత్తు ఎక్కడ ఎక్కాలో రాసి పదిమందికీ పంపేవాడు. విశాఖపట్నం నుంచి కూడా జనం కార్లకు సైకిళ్ళు కట్టుకుని వచ్చి, ఆ గీత పట్టుకుని తొక్కుకుంటూ పోయేవారు. "భుజంగరావు గారు గీశారంటే ఇక చూసుకోనక్కర్లేదు" అనేవారు. ఆ మాట వింటే మనవాడికి ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు.

ఒక ఏడాది కార్తీక మాసంలో ఆయన కొత్త దారి ఒకటి ప్రకటించాడు. పేరు మూడు చెరువుల బాట. చింతగెడ్డ చెరువు దగ్గర మొదలై, కాఫీ తోటల్లోంచి బొంతమడుగు మీదుగా కొంగలబంద దాకా నలభై కిలోమీటర్లు. బొంతమడుగు దాకా ఆయన నాలుగుసార్లు తొక్కాడు. ఆ తర్వాతి ఎనిమిది కిలోమీటర్లు మాత్రం ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు. ఆకాశంలోంచి తీసిన ఫోటోలో అడవి మధ్య సన్నటి ఎర్రగీత కనిపిస్తే, దాని మీద వేలితో లాగేశాడు, అంతే.

బయలుదేరే రోజు పదిమంది వచ్చారు. వాళ్ళలో హైమవతి అనే ఆమె ఉంది. అనకాపల్లిలో డ్రిల్లు టీచరు. ఆమె దగ్గరికి వచ్చి అడిగింది. "ఆ చివరి ముక్క ఎలా ఉంటుంది సార్? అంతా దిగుడే అంటున్నారు. నాకు దిగుడంటే కాస్త భయం."

"అది నేను తొక్కలేదమ్మా" అంటే సరిపోయేది. ఆ ఒక్క ముక్క అనడానికి ఆయనకు నోరు రాలేదు. ఏమన్నాడో తెలుసా?

"వెన్నలా ఉంటుందమ్మా. బ్రేకు మీద చెయ్యి కూడా వెయ్యక్కర్లేదు."

అనేశాడు గానీ, ఆ ఎనిమిది కిలోమీటర్ల సంగతి ఆయన్ని వదల్లేదు. బొంతమడుగు చేరాక గట్టు మీద అందరూ కూర్చుని ఉప్మా తింటుంటే ఆయన మాత్రం లేచి నిలబడ్డాడు. "నేను ముందు వెళుతుంటాను. మీరు పదిహేను నిమిషాలు ఆగి రండి" అని చెప్పి ఒక్కడే బయలుదేరాడు. ముందే ఒకసారి చూసేస్తే, చూడలేదన్న సంగతి ఎవరికీ తెలియదు కదా అని ఆయన ఆలోచన.

మూడు కిలోమీటర్లు వెళ్ళేసరికి బాట రెండుగా చీలింది. ఆయన గీత దిగువకు పోయే బాట మీదుగా ఉంది; ఆ బాటకు అడ్డంగా ఒక పచ్చి కొమ్మ ఉంది. దాని మీద మూడు రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఆ కొండల్లో అది బోర్డుతో సమానం. ముందు దారి తెగిపోయినా, వాగు పొంగినా, మొదట చూసినవాళ్ళు అలా కొమ్మ విరిచి పెడతారు. ఆకు వాడిపోతే, అటుగా వచ్చినవాళ్ళెవరైనా కొత్త కొమ్మ మారుస్తారు. దారి బాగయ్యేదాకా దాన్ని తీసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఒక్కరూ ఉండరు.

భుజంగరావు సైకిలు దిగి నిలబడ్డాడు. పైన చేలో ఒక ముసలామె అటు తిరిగి చోళ్ళు, అదే రాగులు, కోస్తోంది. ఒక్క కేక వేస్తే చెబుతుంది. కానీ దారి గీసినవాడు దారి అడుగుతాడా? వెనక వచ్చేవాళ్ళకు తెలిస్తే పరువేం కావాలి?

"పశువులు పోకుండా పెట్టుకుని ఉంటారులే" అని తనకు తానే చెప్పుకున్నాడు. రాళ్ళు పక్కకు తన్ని, కొమ్మను పొదల్లోకి విసిరేసి సైకిలెక్కాడు.

అర కిలోమీటరు సాఫీగానే దిగాడు. మలుపు తిరిగేసరికి ఎదురుగా బాట లేదు. వానలకు కల్వర్టు కొట్టుకుపోయి, రెండు నిలువుల గొయ్యి పడి ఉంది. అడుగున అన్నీ బండరాళ్ళే. రెండు బ్రేకులూ ఒక్కసారి పట్టేసి పక్కకు పడ్డాడు. సైకిలు గొయ్యి అంచున ఆగింది. కాలు మడత పడింది గానీ ప్రాణం దక్కింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, వెనక పదిమంది వస్తున్నారని. ఫోను తీస్తే సిగ్నలు లేదు. కుంటుకుంటూ ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాడు. "దేవుడా, కాసేపు వాళ్ళను ఆపు తండ్రీ" అని పైకే అనేశాడు.

పైనుంచి కంకర చప్పుడు వినిపించింది. హైమవతి! ఆయన మాట నమ్మి, బ్రేకు మీద చెయ్యి వెయ్యకుండా గాలిలా దిగి వస్తోంది.

"ఆగండి! ఆగండమ్మా!" అని బాట మధ్యలో రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఆమె అదిరిపడి బ్రేకు పట్టింది. సైకిలు జారిపోయి గట్టుకు కొట్టుకుంది. భుజం ఎముక విరిగిన చప్పుడు ఆయనకు వినిపించింది.

మిగతావాళ్ళు వచ్చి చుట్టూ చేరారు. కిందికి దిగి గొయ్యి చూసి అందరికీ ముచ్చెమటలు పట్టాయి. కేకలు విని చేలోని ముసలామె కొడవలితోనే పరుగెత్తుకొచ్చింది. ఆమె పేరు సీదరి ముత్తెమ్మ.

"ఏమ్మా, దారి తెగిపోతే ఒక గుర్తయినా పెట్టరా మీరు?" అని సైకిళ్ళవాళ్ళలో ఒకాయన ఆమె మీద విరుచుకుపడ్డాడు. "మనుషులు చచ్చిపోతే ఎవరిది పూచీ?"

"ఎట్టినాం బాబూ" అంది ముత్తెమ్మ. "పొద్దున్నే నా సేత్తోనే పచ్చికొమ్మ యేసినాను. మూడు రాళ్ళు కూడా ఎట్టినాను."

"మరి ఇంతమందిమి వచ్చాం, ఒక్కరికీ కనపడలేదే? అబద్ధాలాడకు!"

ముసలామె మొహం చిన్నబోయింది. "కొమ్మ ఇసయంలో మేం అబద్దం ఆడం బాబూ. ఆడితే ఈ కొండ మీద మా పిల్లలు బతకరు" అంది.

నేల మీద పడుకున్న హైమవతి పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటూ అంది. "ఆవిణ్ణి ఏమీ అనకండి. భుజంగరావు గారు అందరికంటే ముందొచ్చారుగా. ఆయన్ని అడగండి. కొమ్మ ఉంటే ఆయన చూసే ఉంటారు."

అందరూ ఆయన వైపు తిరిగారు. "లేదు" అంటే చాలు, అందరూ నమ్ముతారు. ఆయన పేరు నిలబడుతుంది, ముసలామె అబద్ధాలకోరు అయిపోతుంది. ముత్తెమ్మ కూడా ఆయన మొహంలోకే చూస్తోంది.

"ఉంది" అన్నాడు భుజంగరావు. అందరికీ వినపడేలా మళ్ళీ అన్నాడు. "కొమ్మ ఉంది. నేనే తీసి పారేశాను. ఈ దారి నాకు తెలియదు. ఒక్కసారి కూడా తొక్కలేదు. మీకు అబద్ధం చెప్పాను హైమవతి గారూ."

ఇందాక అరిచినాయన తల దించుకున్నాడు.

"నేను అడిగినప్పుడే ఈ మాట అని ఉంటే ఎంత బాగుండేది సార్" అని హైమవతి కళ్ళు మూసుకుంది. భుజంగరావు అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ముత్తెమ్మ కేకేస్తే ఊళ్ళోంచి నలుగురు మగవాళ్ళు వచ్చారు. దుప్పటిని గెడకు కట్టి డోలీ చేశారు. తారు రోడ్డు దాకా ఐదు కిలోమీటర్లు మొయ్యాలి. నేనూ భుజం పడతానని భుజంగరావు ముందుకొచ్చాడు.

"నువ్వు మొయ్యలేవు గానీ బాబూ" అంది ముత్తెమ్మ, "ముందు ఎళ్ళి ఆ కొమ్మ ఎట్టేసి రా. ఎనకాల ఇంకెవులైనా వత్తారు."

ఆయన బాట చీలిన చోటు దాకా కుంటుకుంటూ ఎక్కి పచ్చి కొమ్మ విరిచాడు. బాటకు అడ్డంగా పెట్టబోయి, ఆగి, డోలీతో పాటు వెనకే వస్తున్న ముత్తెమ్మను అడిగాడు. "కొమ్మ మొదలు ఏ పక్కకి పెట్టాలమ్మా?"

"ఎగువ పక్కకి" అని చెప్పింది ముత్తెమ్మ. ఆయన అలాగే పెట్టి, మూడు రాళ్ళూ పేర్చి, డోలీ వెనకే నడిచాడు.

హైమవతి భుజం అతుక్కోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత కూడా ఆమె దిగుడు దారుల జోలికి వెళ్ళలేదు. భుజంగరావు గీసిన దారులు చాలామంది వదిలేశారు. దానికి ఆయన ఎవరినీ తప్పు పట్టలేదు. ఇప్పుడు కొత్త దారి గియ్యాలంటే ముందు ఆ ఊళ్ళకు వెళ్ళి, రోజూ అక్కడ నడిచేవాళ్ళను అడిగి, వాళ్ళ వెంట నడిచి చూసి వస్తాడు.

తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి సిగ్గుపడేవాడు తనను నమ్మినవాళ్ళను గోతి దాకా తీసుకుపోతాడు. ఆ సిగ్గు విడిచి అడిగి తెలుసుకున్నవాడే పదిమందికి దారి చూపించడానికి తగినవాడు.